హజరాబీ చెరిగిన జొన్నలు

హజరాబీ చాట పట్టుకుందంటే రాయి ఒకపక్క, తాలు ఒకపక్క, గింజ ఒకపక్క వచ్చి కూర్చునేవి. మేమూ చెరిగేవాళ్ళమే. మా చాటల్లో అన్నీ కలిసి ఎగిరి, కలిసి పడేవి. "మీది చెరిగేది కాదు రెడ్డెమ్మా, గింజలకు ఉయ్యాల ఊపేది" అని నవ్వేది. నాకు కోపం వచ్చేది. అప్పట్లో నాకు దేనికైనా కోపమే. ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ అనరు.

ఆమె గురించి రాయాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. నా కూతురు ఓబుళమ్మ ఈనాడు మనవళ్ళను ఎత్తుకుని తిరుగుతోందంటే అది హజరాబీ చలవ. దేవుడి చలవ కూడాననుకోండి, కాని దేవుడి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. హజరాబీకి నేనొక్కదాన్నే.

మాది జమ్మలమడుగుకు నాలుగు మైళ్ళ దూరంలో, పెన్న దగ్గర నల్లరేగడి ఊరు. నా పుట్టిల్లు పులివెందుల పక్క. హజరాబీ మా ఊరి ఆడబిడ్డే. ప్రొద్దుటూరులో ఫకీర్ సాహెబ్ అనే దూదేకుల ఆయనకిచ్చి చేశారు. ఆయన మూసిన గదిలో కూర్చుని పొద్దస్తమానం దూది ఏకేవాడు. ఆ దుమ్ము పీల్చి పీల్చి, దగ్గి దగ్గి, ముప్పై ఐదేళ్ళకే పోయాడు. ఒళ్ళో పిల్ల జైబున్నీసాను పెట్టుకుని హజరాబీ మా ఊరికి తిరిగి వచ్చింది. కళ్ళాల్లో, పాతరల దగ్గర, ఇళ్ళల్లో గింజలు చెరిగి బతికేది. కూలి కూడా గింజలే.

మొగుణ్ణి దుమ్ము తినేసిందని ఆమెకు బాగా తెలుసు. అందుకని చెరిగేటప్పుడు ముక్కుకు, నోటికి నల్లగుడ్డ కట్టుకునేది. మేం ఊరుకుంటామా? "ఏం హజరాబీ, జొన్నల ముందర కూడా గోషానా?" అని ఎగతాళి చేసేవాళ్ళం. "మీ మొగోళ్ల ముందర లేకున్నా పర్వాలేదు గానీ, దుమ్ము ముందర ఉండల్ల" అనేది.

ఇక నా గొప్పతనం సంగతి. నా పేరు శ్యామలమ్మ, రెడ్ల కోడలిని గనక ఊరికి రెడ్డెమ్మను. పులివెందులలో నేను ఐదో తరగతి దాకా చదివాను. మా అత్తగారింట్లో ఆడవాళ్ళలో అచ్చు అక్షరం చదవగలిగేది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఊరు మరిచిపోతుందేమోనని రోజుకొకసారి గుర్తు చేస్తూ ఉండేదాన్ని. అరవై ఒకటో సంవత్సరం ఆషాఢంలో వేరుశనగకు ఎర్ర గొంగళిపురుగు పట్టింది. చేలకు చేలే మోడులయ్యాయి. బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవకుడు బీహెచ్‌సీ పొడి మూటలు తెచ్చి పంచాడు. మేం దాన్ని పురుగుపొడి అనేవాళ్ళం. దాంతోపాటు ఒక కాగితం ఇచ్చాడు. నేను అరుగు మీద నిలబడి గొంతెత్తి చదివాను. "పైరుపై చల్లవలెను. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను." సబ్బు ఎవరింట్లో ఉందని కడుక్కోవడానికి? మగవాళ్ళు పొడిని గుడ్డలో మూటకట్టి, పైర్ల మీద తట్టుకుంటూ పోయారు. ఆ చేతులతోనే సంగటి తిన్నారు. తెల్లారేసరికి పురుగులు చచ్చి చాళ్ళనిండా పడి ఉన్నాయి. ఊరు ఊరంతా ఆ పొడికి దండం పెట్టింది. మిగిలిన అరమూట మా అటకెక్కింది.

మరుసటి ఏడు జొన్నలు బాగా పండాయి. కళ్ళం అయిపోగానే పాతర నింపే పని వచ్చింది. పాతర చూడనివాళ్ళకు చెబుతాను. ఇంటి ముందు వీధిలో ఇద్దరు మనుషుల లోతున బానలాగా గొయ్యి తవ్వుతారు. మూతి చిన్నది, పొట్ట పెద్దది. గోడల చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్ళీ చొప్ప వేసి మట్టి కప్పేస్తారు. రెండేళ్ళయినా గింజ ఉంటుంది. కాకపోతే అంతకుముందు ఏడు మా పాతరలో పుచ్చు పట్టి సగం పిండైపోయింది.

"ఈసారి బూడిద, వేపాకు ఇంకొంచెం ఎక్కువ ఎయ్యల్ల" అంది మా అత్త గోవిందమ్మ. అన్నాళ్ళూ ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి ఆమె. నాకు నవ్వొచ్చింది. పురుగును చంపే మందు అటక మీద ఉండగా బూడిద ఏమిటి, వేపాకు ఏమిటి? చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

పాతర నింపిన రోజు మా మామ తిమ్మారెడ్డి, మా ఆయన ప్రొద్దుటూరు అంగడికి పోయారు. అత్త వంట దగ్గర ఉంది. కూలివాళ్ళు గంపలతో జొన్నలు పోస్తుంటే, ఒక్కొక్క వరసకు నేను నాలుగు చేరలు పురుగుపొడి చల్లాను. పుచ్చు గోడల దగ్గర మొదలవుతుందని గోడల వెంట ఇంకా ఎక్కువ చల్లాను. అరమూట ఖాళీ అయింది. కూలివాళ్ళు దాన్ని బూడిదనుకున్నారు. నేనూ కాదనలేదు. పాతర తీసిన రోజు ఒక్క పురుగు లేకుండా జొన్నలు బయటికి వస్తే, అప్పుడు అందరి ముందు చెప్పి మెప్పు పొందాలని నా ఆశ.

శ్రావణంలో పాతర తీశారు. లోపలి ఆవిరి పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచి, లాంతరు దించి, అది ఆరిపోలేదని చూసుకుని మనిషి దిగాడు. ఎక్కడా ఒక్క పురుగు లేదు! "సూసినావా, నా యాపాకు మహిమ" అంది మా అత్త. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. వినాయక చవితికి చుట్టాలంతా వస్తారు కదా, అప్పుడు బయటపెడదామని ఊరుకున్నాను.

ఆనవాయితీ ప్రకారం నడుమ ఉన్న తెల్లటి గింజ ఇంటికి, గోడల దగ్గర చెమ్మకు రంగు మారిన గింజ కూలివాళ్ళకు. హజరాబీకి కూడా గోడ గింజే కొలిచాం.

పాతర జొన్నలకు ముక్కవాసన ఉంటుంది. మేం పుట్టినప్పటి నుంచి ఆ వాసన తింటున్నవాళ్ళమే. ఎండబోస్తే కొంత పోతుంది, కడిగితే కొంత పోతుంది, మిగిలింది పుల్లటి పులుసులో పోతుంది. ఆ ఏడు వాసన ఎక్కువే ఉంది. "వానలు ముందే పడె గదా, చెమ్మ తగిలుంటాది" అన్నారు అందరూ. వేరే ఊళ్ళో, పాతరలు లేనిచోట అయితే ఆ వాసనకే గింజలు పారబోసేవాళ్ళు. మేం పాతరల మనుషులం గనక కడుక్కుని తిన్నాం. పురుగుపొడి వాసన, పాతర వాసన ఒకే తీరుగా ఉంటాయని నాకు మాత్రం ఏం తెలుసు?

హజరాబీ మా పంచలో కూర్చుని మూడు రోజులు చెరిగింది. నాలుగేళ్ళ నా ఓబుళమ్మ ఆమె పక్కనే చేరి, చాటలోంచి పిడికెళ్ళతో పచ్చి జొన్నలు తీసి బుక్కుతూ ఉండేది. మూడో రోజు హజరాబీ ముక్కుగుడ్డ కిందికి లాగి అంది:

"రెడ్డెమ్మా, ఇన్ని గింజలు కింద పడినాయి, ఒక్క చీమ రాలేదు. మూడు దినాలుగా సూచ్చాండా."

"రాకుంటే మంచిదే గదా. వాటికేమన్నా పిలుపు పంపల్నా?" అంది మా అత్త. నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వారం తిరక్కుండా జైబున్నీసాకు మూర్ఛ వచ్చింది. ఏడేళ్ళ పిల్ల ఉన్నట్టుండి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట నురగ కక్కింది. గాలి సోకిందన్నారు. హజరాబీ పిల్లను ఎత్తుకుని దర్గాకు పోయి ఐదు రోజులు ఉంది. పిల్ల బాగైంది. ఎవరైనా అంతటితో దర్గాకు మొక్కు తీర్చి మరిచిపోతారు. ఇంటికి తిరిగి వచ్చి రెండు రోజులు సంగటి తిన్నాక పిల్లకు మళ్ళీ వచ్చింది. ఆ పొద్దే ఆ జొన్నల నూకలు తిన్న కోళ్ళు మూడు మెడలు తిప్పుకుని చచ్చాయి. హజరాబీ ఏడుస్తూ కూర్చోలేదు. దర్గాలో పిల్ల ఏం తిన్నది, ఇంట్లో ఏం తిన్నది, కోళ్ళు ఏం తిన్నాయి అని చెరగడం మొదలుపెట్టింది. రాయీ గింజా వేరు చేసే మనిషి కదా.

సరిగ్గా ఆ పొద్దే మా ఇంట్లో ఓబుళమ్మ పడింది.

మధ్యాహ్నం పంచలో ఆడుకుంటున్న పిల్ల, కట్టె లాగా బిగుసుకుని దబ్బున పడింది. కళ్ళు పైకి పోయాయి. నేను పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. ఒకసారి తగ్గి, గడియ కాకముందే మళ్ళీ వచ్చింది. పక్క ఊరి నుంచి వాతలు పెట్టే ముసలాయనను పిలిపించారు. పసుపుకొమ్ము కాల్చి నుదుట, బొడ్డు చుట్టూ వాతలు పెడితే గాలి వదులుతుందని ఆయన నిప్పులు రాజేయించాడు. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పసుపుకొమ్ము ఎర్రగా చేసి తీసే వేళకు, జైబున్నీసాను భుజాన వేసుకుని హజరాబీ వచ్చింది.

"వాత పెట్టొద్దప్పా!" అని ఆయన చెయ్యి పట్టుకుంది.

పరాయి ఆడమనిషి అలా చెయ్యి పట్టుకుంటే ముసలాయన వెనక్కి జరిగాడు. ఆమె మా మామ వైపు తిరిగింది.

"నా బిడ్డకూ ఇట్లే వచ్చినాది మామా. దర్గాలో ఐదు దినాలు బాగుండె. ఇంటికొచ్చి ఈ జొన్నలు తిన్న్యాక మల్లా వచ్చినాది. నా కోళ్లు సచ్చినాయి. మనిషికి గాలి సోకితే, కోళ్లకెందుకు సోకుతాది? జొన్నల్లోనే ఏందో ఉండాది. బండి కట్టండి, ఆస్పత్రికి పోవల్ల."

"నా పాతరను తప్పు పడతాండావా?" అని లేచాడు మా మామ. మా ఊళ్ళో పాతరను తప్పు పట్టడమంటే ఇంటిని తప్పు పట్టడమే.

"తప్పు నిదానంగా పడదాం మామా. బండి కట్టండి."

అప్పుడామె నా వైపు ఒక్కసారి చూసింది. నాకు ఆ క్షణానే అంతా తెలిసిపోయింది. పురుగుపొడి, గోడల వెంట చల్లిన చేరలు, పిల్ల బుక్కిన పచ్చి గింజలు. నోరు తెరవాలనుకున్నాను. మామ కోపం, అత్త నోరు, మా ఆయన చెయ్యి గుర్తొచ్చాయి. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూడా నన్ను నేను కాపాడుకునే ఆలోచనే చేశాను. రాస్తున్నాను కదా, ఇది కూడా రాయాలి.

మా ఆయనే ఎద్దులు కట్టాడు. వానకు దారంతా బురద. రేగడి మట్టి చక్రాలకు చుట్టుకుని బండి కదలనంటే, ఆయన దిగి ఎద్దుల ముందు నడుస్తూ లాగాడు. బండిలో నేను, హజరాబీ, ఇద్దరు పిల్లలు. దారిలో ఓబుళమ్మకు మళ్ళీ వచ్చింది. హజరాబీ దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కొంగుతో నురగ తుడిచింది. అది కాస్త తేరుకున్నాక, మా ఆయనకు వినబడకుండా అంది:

"డాక్టరమ్మ అడుగుతాది, బిడ్డ ఏం తినిందని. నీకు తెలిసింది చెప్పల్ల."

"నాకేం తెలుసు?" అన్నాను.

ఆమె రొంటిన దోపుకున్న నల్లగుడ్డ తీసి నా ముందు విప్పింది. "పాతర నింపిన దినం నువ్వు సల్లేది సూసినా. బూడిదే అనుకున్నా. బూడిదైతే గుడ్డకు పట్టుకుని మసి అయితాది. ఇది సూడు, తెల్లగ ఎట్ల కూచ్చున్యాదో. నువ్వు కావాలని సేసినావని నేనన్లేదు. ఆడ చెప్పకుంటే బిడ్డలు దక్కరు. అంతే."

ఆమె గొంతులో కోపం లేదు. నేను కలిపిన విషం తన బిడ్డ కడుపులో కూడా ఉందని తెలిసిన మనిషి, అంత నెమ్మదిగా మాట్లాడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "చెబుతానక్కా" అన్నాను. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఏ పొడి, ఎంత చల్లాను, పిల్ల ఎన్ని రోజులు తిన్నది, ఏదీ దాచలేదు. ఆమె నన్ను తిట్టలేదు. ఇద్దరు పిల్లలకూ సూదులు వేయించింది, గొట్టం పెట్టి కడుపులు కడిగించింది. ఆ రెండు రోజులూ నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో లెక్కలేదు, దర్గాకు కూడా మొక్కుకున్నాను. మూడో రోజు పొద్దున ఓబుళమ్మ కళ్ళు తెరిచి, "మా, ఆకలి" అంది. ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషం తర్వాత ఏ పెళ్ళిలోనూ, ఏ పండగలోనూ నాకు కలగలేదు.

"మీరు చెప్పబట్టి సరిపోయింది" అంది డాక్టరమ్మ. "మేము మూర్ఛ జబ్బని మందులిస్తూ, మీరు ఇంట్లో ఆ సంగటే పెడుతూ ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు."

ఊరికి తిరిగి వచ్చేసరికి మా వీధిలో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి. వాటి నిండా మా జొన్న మూటలు. జొన్నల్లో ఏదో చెరుపుందని మా మామకు అర్థమైంది కాని, ఏమిటో తెలియదు. "మన ఇంట్లో తినొద్దులే. కడిగి ఎండబోసినాం. ప్రొద్దుటూరుకు తోలితే సరి" అన్నాడు. చెడ్డవాడు కాదు మా మామ. ఏడాది కష్టం మట్టిపాలు కావడం ఏ రైతుకు మనసొప్పుతుంది?

నేను బండి దిగకముందే అన్నాను. "మామా, దాంట్లో ఉండేది పురుగుపొడి. నేనే కలిపినా. ప్రొద్దుటూరులో కూడా పిల్లలు ఉండారు."

వీధంతా వింది. మా మామ చేతిలోని ములుకోల పైకి లేచింది. మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడు మా అత్త గడప దిగి వచ్చి, ఓబుళమ్మను నా చేతుల్లోంచి తీసుకుంది. నన్ను ఎగాదిగా చూసి, "ఐదో తరగతికే ఇట్ల సేచ్చివి. ఆరు సదివింటే ఊరే ఉండకపోవు" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఇంగేం సూచ్చాండావు? దించు మూటలు" అంది. ములుకోల కిందికి దిగింది.

ఆ జొన్నలన్నీ బీడులో గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చాం. కూలివాళ్ళకు కొలిచిన గోడ గింజ కూడా వెనక్కి తేవాలి. పదిహేను ఇళ్ళు. రెడ్ల కోడలు వచ్చి, ఇచ్చిన కూలి గింజలు తిరిగివ్వమంటే ఎవరు నమ్ముతారు? ఎవరు ఇస్తారు? హజరాబీ నా వెంట నడిచింది. ప్రతి గుమ్మం ముందు ఆమే మాట్లాడింది, తన బిడ్డను చూపించి మరీ చెప్పింది. మా పుట్టింటి నుంచి రెండు బండ్ల కొర్రలు తెప్పించి అందరికీ పంచాం. ఆ ఏడంతా ఊరు కొర్రన్నం తిన్నది. ఇంకెవరికీ మూర్ఛ రాలేదు.

నా ఓబుళమ్మకు మళ్ళీ ఏమీ కాలేదు. జైబున్నీసాకు మాత్రం పన్నెండేళ్ళు వచ్చేదాకా అప్పుడప్పుడు వస్తూనే ఉండేది. మంచి గింజ మా ఇంట్లో ఉంది, గోడ గింజ వాళ్ళింటికి పోయింది, పొడి నేను ఎక్కువగా గోడలకే చల్లాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆమె మందులకు నెలనెలా మా బండే కట్టించాను, నేనే వెంట పోయాను. దాంతో చెల్లిపోయిందని నేను ఎన్నడూ అనుకోలేదు.

జైబున్నీసాకు పూర్తిగా నయమై, చాపాడు సంబంధం కుదిరి, నిఖా నాటి పొద్దున నేను వాళ్ళింట్లో కందిపప్పు బాగు చేస్తూ కూర్చున్నాను. పక్కన హజరాబీ బియ్యం చెరుగుతోంది. ఎన్నో ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను.

"అక్కా, ఆ పొద్దు మా పంచలో అంతమంది ముందర నా పేరు ఎందుకు చెప్పలేదు? నీకు తెలుసు గదా. నీ బిడ్డ కూడా నీ భుజాన అట్ల పడి ఉండె గదా."

హజరాబీ చాట ఆపి, ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను చూసింది.

"చెప్పింటే మీవోళ్లంతా నిన్ను కొట్టేదాంట్లో ఉందురు. బండెవురు కట్టుదురు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఒక్క గడియలో, ఆ గందరగోళంలో, మా ఇంటి మనుషులందరినీ ఆమె నాకంటే బాగా చెరిగింది. తన బిడ్డ ఒంట్లోకి విషం పోయించిన నన్ను ఒక పక్కకు తోసి, ఇద్దరు పిల్లల ప్రాణం ఒక్కటే చాటలో ఉంచుకుంది. నేను పప్పు వదిలేసి, ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆమె కాసేపు నా వీపు నిమిరింది. తర్వాత భుజం పట్టి లేపింది.

"ఏడ్చినంత సేపు ఏడ్చి ఆ పప్పు కానీ శ్యామలమ్మా. చాపాడోళ్లు వచ్చే పొద్దయింది."